కాలు పోయినవారికి కావలసినది

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘాల సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రమాదం వల్లగాని, వ్యాధి వల్లగాని కాలు పోయినవారు తిరిగి నిండైన జీవితం గడపగలరా, పని చేసుకొని ఇల్లు నిలబెట్టగలరా అన్నది నాకిచ్చిన అంశం. నిలబెట్టగలరు. ఊరికే ధైర్యం చెప్పడానికి ఈ మాట అనడం లేదు. అలా నిలబెట్టినవారు మన దేశంలోనే ఉన్నారు గనుక అంటున్నాను. అయితే వారిలో ఎవరూ మనోబలం ఒక్కదానితోనే నిలబడలేదు. వైద్యుడు, కాలు చేసిపెట్టిన పనివాడు, ఇంటివారు, పని ఇచ్చినవారు, చట్టం, ఇన్ని చేతులు కలిశాయి. అందులో మన చేయి ఎక్కడ ఉండాలన్నదే నేను చెప్పదలచిన సంగతి.

మన ప్రాంతంలో ఇది ఎక్కడో ఎవరికో జరిగే విషయం కాదు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య గంటల తరబడి నిలబడి తిరిగే పని. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో వరి మడి, పసుపు చేను, మామిడి తోట. ఈ మూడు చోట్ల నుండి గల్ఫ్ దేశాలకు పోయి కట్టడపు పనుల్లో చేరినవారు ఎందరో ఉన్నారు. రోడ్ల మీద మోటారు సైకిళ్లు పెరిగాయి, ఇళ్లలో చక్కెర వ్యాధి పెరిగింది. నిలబడి సంపాదించుకొనేవానికి కాలు పోతే పోయేది నడక ఒక్కటే కాదు. నెల సంపాదన పోతుంది, ఇంట్లో మాట చెల్లుబాటు తగ్గుతుంది, పిల్లల చదువు ఆగుతుంది. గనుక ఇది ఒక్క మనిషి బాధగా కాక ఒక కుటుంబం బతుకుగా చూడవలసిన విషయం.

మీలో నడివయసు దాటినవారు చాలామంది ‘మయూరి’ సినిమా చూసే ఉంటారు. ఉషాకిరణ్ మూవీస్ తరఫున రామోజీరావు నిర్మించగా, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించిన ఈ తెలుగు చిత్రం 1985లో వచ్చింది. అందులో నటించిన సుధా చంద్రన్ తన సొంత కథనే నటించారు. 1981 మే నెలలో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో ఆమె గాయపడ్డారు. అప్పటికి ఆమెకు దాదాపు పదహారేళ్లు. గాయం గాంగ్రీనుగా మారడంతో కుడికాలిని మోకాలి దిగువన తీసివేయవలసి వచ్చింది. ఆమె జైపూరు వెళ్లి కృత్రిమ కాలు పెట్టించుకొని, 1984 జనవరి 28న బొంబాయిలో తిరిగి వేదిక మీద నాట్యం చేశారు. మయూరిలో నటనకు జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ప్రత్యేక జ్యూరీ అవార్డు కూడా లభించింది.

సినిమాలో రెండు మూడు పాటల్లో గడిచిపోయిన సంగతికి నిజంగా పట్టినది దాదాపు మూడేళ్లు. ముందు నిలబడడం, పిమ్మట నడవడం, ఆ తరువాతనే నాట్యం. చూసి చప్పట్లు కొట్టినవారు లక్షలమంది. కాని ఆ మూడేళ్లు పక్కన ఉన్నవారు తల్లిదండ్రులు, గురువు, వైద్యుడు వంటి కొద్దిమంది మాత్రమే.

ఇక ఆ జైపూరు కాలు సంగతి. జైపూరులోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో 1960ల చివర అది తయారైంది. డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ ఎముకల వైద్యుడు. రామచంద్ర శర్మ రోగులకు చేతిపనులు నేర్పడానికి అక్కడికి వచ్చిన శిల్పి, పెద్ద చదువు లేనివాడు. అప్పటి విదేశీ కాలికి బూటు తప్పనిసరి. పైగా దాని మడమ వంగదు. దానితో వరి మడిలో దిగలేము, గొంతుక్కూర్చోలేము, బాసింపట్టు వేసుకొని భోజనానికి కూర్చోలేము. మన రైతుకు అది దండగ. వీరిద్దరూ గట్టి రబ్బరు, స్పాంజి రబ్బరు, కర్ర కలిపి, వట్టి పాదంతో బురదలో నడవగల కాలు చేశారు. 1975లో డి.ఆర్. మెహతా జైపూరులో స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాళ్లను ఉచితంగా అమర్చుతూ వచ్చింది. సేథీగారికి 1981లో మెగసెసే పురస్కారం లభించింది. చదువుకున్న వైద్యుడు చదువులేని పనివాని మాట విన్నాడు గనుక ఆ కాలు పుట్టింది. కాలు పోయినవాడు ఎలా బతుకుతాడో, ఎక్కడ కూర్చుంటాడో, ఏ పని చేస్తాడో వారు ముందుగా ఆలోచించారు. మనం నేర్చుకోవలసినది అదే.

ఇంట్లో ఎవరికైనా ఈ కష్టం వస్తే మొదటి ఏడాది చాలా ముఖ్యం. ఆపరేషన్ అయిన వెంటనే మోకాలి కింద దిండు పెట్టడం మన తల్లులకు అలవాటు. అది ప్రేమే గాని, దానివల్ల మోకీలు వంగిన చోటనే బిగుసుకుపోతుంది. తరువాత కృత్రిమ కాలు సరిగా కూర్చోదు. మిగిలిన మొండిభాగానికి వైద్యులు చూపిన పద్ధతిలో గుడ్డపట్టీ చుడుతుంటే వాపు తగ్గి ఆకారం కుదురుతుంది. లేని పాదం నొప్పి పెడుతున్నదని, లేని వేళ్లు దురద పెడుతున్నవని రోగి అంటే గాలి సోకిందని భయపడకండి, మతి చలించిందని అనుకోకండి. నరాలలో, మెదడులో అది నిజమైన నొప్పి. వైద్యునికి చెప్పితే మందు ఉంది. మొదటి నెలల్లో మొండిభాగం చిక్కిపోతూ ఉంటుంది గనుక మొదట పెట్టిన కాలు వదులవుతుంది. మళ్లీ కొలత తీయించాలి. ఒకసారి వదులైందని కాలిని అటక మీద పెట్టేస్తే ఆ మనిషి మంచానికే పరిమితమవుతాడు. చక్కెర వ్యాధి ఉన్నవారు రెండో పాదాన్ని రోజూ చూసుకోవాలి. చిన్న పుండు, చిన్న బొబ్బ కూడా వదిలిపెట్టరాదు.

ఇక పని విషయం. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా కాలు పోయినవారిని ఇంటికి పంపవచ్చునా? కునాల్ సింగ్ అనే కానిస్టేబులుకు విధి నిర్వహణలో ఎడమకాలికి గాయమై, గాంగ్రీను వచ్చి కాలు తీసివేశారు. పనికి పనికిరాడని చెప్పి అతనిని ఉద్యోగం నుండి తొలగించారు. 2003లో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. వైకల్య పింఛను ఇచ్చినంత మాత్రాన ఉద్యోగపు హక్కు పోదని తీర్పు చెప్పింది. 1995 నాటి చట్టంలో ఉన్న ఆ రక్షణను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా నిలిపింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగిన ప్రభుత్వోద్యోగిని తీసివేయరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేకపోతే అదే జీతం మీద వేరే పనికి మార్చాలి. వికలాంగులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ప్రత్యేకించినది కూడా ఈ చట్టమే. కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నప్పుడు ఈ సంగతి తెలిసినవాడు ఒకడు పక్కన ఉంటే ఒక కుటుంబం నిలుస్తుంది.

గల్ఫ్‌కు పోయే తమ్ముళ్లకు ఒక మాట. ఇమిగ్రేషన్ క్లియరెన్సు మీద పని కోసం పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ఇది 2003లో మొదలైంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవానికి ఈ రక్షణ ఉండదు. బీమా కాగితం నకలు ఒకటి ఇంట్లో భార్య చేతికి ఇచ్చి పొండి.

పింఛను విషయంలో ప్రభుత్వం చేసిన మేలును మరువరాదు. తెలంగాణలో 2014లో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు వికలాంగులకు నెలకు 1500 రూపాయలు. 2019లో 3016, 2023లో 4016 చేశారు. వైకల్య ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడకండి. కాని పింఛను ఇంటి బియ్యానికి ఆసరా మాత్రమే. అది మనిషికి పని కాజాలదు.

పాత పని చేయలేకపోతే పని తీరు మార్చుకోవచ్చును. వేలూరు వైద్యశాల మీ అందరికీ తెలిసినదే. అక్కడి డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో వాహన ప్రమాదం జరిగింది. నడుము కింద చలనం పోయింది. స్త్రీల వైద్యురాలు కావాలనుకున్న ఆమె చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేయడం నేర్చుకున్నారు. తరువాత అంగవైకల్యం కలిగినవారిని తిరిగి పనివారుగా తీర్చిదిద్దే విభాగాన్ని అక్కడ నెలకొల్పారు. మన హైదరాబాదువాడైన ఆదిత్య మెహతా ప్రమాదంలో కాలు పోగొట్టుకొని, ఒంటికాలితో సైకిలు తొక్కి, 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు వెండి పతకాలు గెలిచారు. ఆయన పేరిట ఉన్న సంస్థ ఇతర వికలాంగులకు, కాళ్లు పోయిన జవాన్లకు కూడా క్రీడల్లో శిక్షణ ఇచ్చింది.

మనమందరం వైద్యులం, క్రీడాకారులం కాము, నిజమే. కాని మగ్గాల మధ్య తిరగలేనివాడు కూర్చొని కండెలు చుట్టవచ్చు, లెక్కలు రాయవచ్చు. దుకాణం, కుట్టుమిషను, సెల్‌ఫోన్ల మరమ్మతు, మీసేవా పని, ఇవన్నీ కూర్చొని చేసేవే. పక్క చక్రాలున్న స్కూటరు ఉంటే కోరుట్ల నుండి జగిత్యాలకు తానే పోయి సరుకు తెచ్చుకొంటాడు. అతనికి కావలసినది మొదటి పెట్టుబడి, మొదటి గిరాకీ.

సమూయేలు రెండవ గ్రంథంలో మెఫీబోషెతు రెండు కాళ్లు కుంటివాడు. దావీదు అతనిని తన బల్ల యొద్ద కూర్చుండబెట్టుకున్నాడని మనం తరచుగా చెప్పుకొంటాము. దానితో కూడా అతని తాత భూములన్నీ తిరిగి ఇప్పించాడని మరచిపోతాము. విందులో చోటు ఒకటి, ఆస్తి మీద హక్కు ఒకటి, రెండూ ఇచ్చాడు.

కనుక సంఘస్థులకు నా మనవి ఇది. కాలు పోయినవాని ఇంటికి మొదటి వారంలో అందరూ వెళ్తారు. నాలుగో నెలలో ఎవరూ ఉండరు. నాలుగో నెలలో వెళ్లండి. కాలు కొలత ఇవ్వడానికి, మళ్లీ సరిచేయించడానికి తోడు వెళ్లండి. మందిరపు మెట్ల పక్కన వాలుగా ఒక దారి కట్టించండి. కమిటీలో, లెక్కల్లో, పాటల బృందంలో అతని పాత బాధ్యత అతనికే ఉంచండి. “అయ్యో పాపం” అని అతని ముందు అనకండి. “రేపు ఎన్ని గంటలకు వస్తున్నావు?” అని అడగండి. ఆ ప్రశ్న వినబడిన ఇంట్లో మనిషి మర్నాడు లేచి కాలు తొడుక్కుంటాడు.