పైకప్పుకు కంప్లైంట్ బుక్కు ఉండదు

(పుదుచ్చేరిలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధానుభవాలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. అవి చెప్పేవాళ్లు నాకన్నా పెద్దవాళ్లు ఇక్కడే ఉన్నారు. నేను మద్రాస్ సాపర్స్‌లో చేరి, ఎక్కువ కాలం ఎం.ఇ.ఎస్. పనుల్లో గడిపినవాణ్ణి. నాకు తెలిసింది ఇటుక, సున్నం, నీటి కారుడు. అందుకని ఈరోజు ఇంటి పైకప్పు గురించి మాట్లాడతాను. నవ్వకండి. మన పింఛను డబ్బుల్లో పెద్ద వాటా మింగేది, అదను చూసి మన నెత్తిన పడేది కూడా అదే.

ఒక మాట గుర్తు చేస్తాను. ముప్పై ఏళ్లు మనం సర్కారు క్వార్టర్స్‌లో ఉన్నాం. కప్పు కారితే ఏం చేసేవాళ్లం? కంప్లైంట్ బుక్కులో రాసి వచ్చేవాళ్లం. ఆ బుక్కు చూసుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. రాసిన మర్నాడే మనిషి రాలేదని మీలో ఎందరో నన్ను తిట్టుకుని ఉంటారు, అది వేరే సంగతి. ఏమైనా రాసుకోవడానికి ఒక పుస్తకమంటూ ఉండేది. రిటైరయ్యాక సొంత ఇంటికి ఆ పుస్తకం లేదు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

నాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మా ఇల్లు మట్టి మిద్దె. దూలాల మీద దంతెలు, వాటిపైన మట్టి, అన్నిటికన్నా పైన చవుడు. వానలకు ముందు ఊరి బయటి నుంచి చవుడు మట్టి తట్టలతో మోసుకొచ్చి మిద్దెమీద పరిచేవాళ్లం. పిల్లలం దానిమీద గంతులేసి తొక్కేవాళ్లం. ఆ ఏడు చవుడు వేయకపోతే ఆ ఏడే కారుతుంది. బద్ధకిస్తే వాన ఊరుకోదని మా నాయన అనేవాడు.

తర్వాత ఉద్యోగంలో జోధ్‌పూర్, జైసల్మేర్ చూశాను. అక్కడి పల్లెల్లోనూ మట్టి కప్పులే, రాతి పలకల కప్పులే. ఏడాది మొత్తం మీద జైసల్మేర్‌లో పడే వాన సుమారు 20 సెంటీమీటర్లు. వానే లేనిచోట కప్పుకు ఏం ఢోకా అని కొత్తగా వెళ్లినవాళ్లు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఎడారిలో కప్పును పాడుచేసేది ముందు ఎండ. పది మీటర్ల కాంక్రీటు స్లాబు, వేడిలో 40 డిగ్రీల తేడా వస్తే, సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. పగలు సాగడం, రాత్రి ముడుచుకోవడం, అలా వేలసార్లు. పిట్టగోడ మొదట్లో వెంట్రుకవాసి పగులు వస్తుంది. రెండోది ఇసుక. మే, జూన్‌లలో ఆంధీ వచ్చిపోయాక చూస్తే తూము నిండా ఇసుకే. వాన పడేవరకు అది మూసుకుపోయిందని ఎవరికీ తెలియదు.

2006 ఆగస్టులో బాడ్మేర్ జిల్లా కవాస్ వైపు వరద వచ్చింది. ఎడారిలో వరద! ఊళ్లు నీట మునిగాయి, మనవాళ్లు పడవలేసుకుని జనాన్ని తీసుకొచ్చారు. అప్పుడు నేను జోధ్‌పూర్‌లో ఉన్నాను. వాన ఎప్పుడో గాని పడని చోటే పైకప్పు మీద కన్ను ఎక్కువ ఉండాలని ఆ నెలలో నాకు బోధపడింది.

ఇంత తెలిసినవాణ్ణి, సొంత ఇంటి విషయంలో ఏం చేశానో ఇప్పుడు చెప్తాను. సిగ్గుపడాల్సిన విషయమే, అయినా చెప్పాలి.

2008లో రిటైరై పుదుచ్చేరి వచ్చాను. మా ఆవిడ వాళ్లది యానాం. మామగారు ఉద్యోగరీత్యా ఇక్కడికొచ్చి, పట్నంలో పాత ఇల్లు ఒకటి కొన్నారు. ఆయన పోయాక అత్తగారు ఒక్కరే ఉండేవారు. అది మద్రాస్ టెర్రస్ ఇల్లు. తెలియని పిల్లల కోసం చెప్తున్నాను: టేకు దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన అంగుళం మందం ఉండే చిన్న ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో కలుపుతారు. దానిమీద ఇటుక ముక్కలు, గానుగ సున్నం కలిపిన కాంక్రీటు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్క బద్దలతో కొడతారు. చివర పలచటి పెంకు బిళ్లలు పరుస్తారు.

మొదటి వానకే రెండుచోట్ల తడి కనిపించింది. నేను ఇంజనీర్స్‌లో పనిచేసినవాణ్ణి కదా! ఎవరినీ అడగలేదు. 2010 ఫిబ్రవరిలో ఆ సున్నపు కప్పంతా మూసుకునేలా రెండంగుళాల సిమెంటు పూత వేయించాను. నున్నగా తళతళలాడింది. రెండేళ్లు చుక్క కారలేదు. 2011 డిసెంబరు 30న థానే తుపాను ఈ ఊరి చెట్లన్నిటినీ పడగొట్టినప్పుడు కూడా మా ఇల్లు కారలేదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

అత్తగారు మాత్రం అప్పుడప్పుడు, "అల్లుడుగారూ, మంచమ్మీద ఏదో పొడి రాల్తోందండి" అనేవారు. రెండుసార్లు అన్నారు. పాత ఇల్లు కదండీ, సున్నం రాలుతుంది లెండి అన్నాను. మూడోసారి ఆవిడ అనలేదు. తనే దుప్పటి దులుపుకున్నారు.

2013 మేలో ఒక మిట్టమధ్యాహ్నం, వానా గాలీ ఏదీ లేదు, ఆ గదిలో దూలం గోడలోకి వెళ్లేచోట విరిగి, ఇటుకలు, గచ్చు కలిసి గంపెడు మంచం మీద పడ్డాయి. రోజూ ఆవిడ కునుకు తీసే వేళ అది. ఆ పూట ఎవరో చుట్టం వస్తే వీధి అరుగు మీద మాట్లాడుతూ కూర్చున్నారు. లేకపోతే ఈరోజు ఈ ప్రసంగం చేసే మొహం నాకు ఉండేది కాదు.

సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రిని పిలిచాం. ఆయన పైకెక్కి చూసి ఒకటే మాటన్నాడు: "సార్, ఇంటికి రెయిన్‌కోటు తొడిగి లోపల చెమట పట్టించారు." నిజమే. సున్నపు కప్పు తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు బిగుసుకుని ఉంటుంది, కింది సున్నంతో సమానంగా కదలదు. ఎండకు దానికి సన్నని పగుళ్లు వచ్చాయి. వాటిలోంచి దిగిన నీరు మళ్లీ పైకి ఆరే దారి లేక పక్కకు పాకి, గోడలో ఉన్న దూలం కొసల్లో చేరింది. కొస కుళ్లింది, చెద పట్టింది. అత్తగారు చెప్పిన పొడి సున్నం కాదు, దూలం పొట్టు.

సిమెంటు ఊడదీసి, దూలం కొస మార్చి, మళ్లీ సున్నంతో కొట్టించడానికి మూడు నెలలు, గ్రాట్యుటీలో మిగిలినదంతా పట్టింది. మరుసటేడు 2014 నవంబరు వానల్లో మన బీచ్ రోడ్డు మీది పాత మేరీ భవనం కూలినప్పుడు ఊరంతా బాధపడింది. 2021లో దాన్ని మళ్లీ కట్టి ప్రారంభించారు. సర్కారు భవనమైతే తిరిగి కట్టారు. మన ఇళ్లు ఎవరు కడతారు?

ఆనాటి నుంచి నేను ఒక నోటుబుక్కు పెట్టాను. అట్టమీద 'కంప్లైంట్ బుక్' అని రాశాను. ఇంట్లో ఎవరికి ఏ మరక కనిపించినా, ఏ పొడి రాలినా తేదీ వేసి రాయాలి. మొదటి పేజీ అత్తగారి చేత రాయించాను. ఏడాది పనులు కూడా అందులోనే ఉన్నాయి. క్లుప్తంగా చెప్తాను, ఎవరికి పనికొస్తే వాళ్లు రాసుకోండి.

జనవరిలో వానలు ఆగాక మరకలు చూసి, సుద్దముక్కతో అంచు గీసి తేదీ వేయాలి. గీత దాటి మరక పెరిగితే నీరు ఇంకా దిగుతోందని అర్థం. ఫిబ్రవరి, మార్చిలలో మరమ్మతు. సున్నానికి సున్నం, సిమెంటుకు సిమెంటు, రెండూ కలపొద్దు. ఏప్రిల్ మొదట్లో తెల్ల సున్నం రెండు పూతలు. ఎండ తిరిగి వెళ్లిపోతుంది, గది చల్లబడుతుంది, కప్పు సాగడం తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. మన తాతలు చేసిందీ అదే. జూన్ నుంచి ఆగస్టు దాకా పడే సాయంకాలపు జల్లులు మనకు ఉచిత పరీక్ష. సెప్టెంబరులో తూములు శుభ్రం చేయాలి, డిష్ యాంటెన్నాల కోసం కొట్టిన మేకు రంధ్రాలు పూడ్చాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రతి పెద్ద వాన తర్వాత ఒకసారి పైకి చూపు.

తూము గురించి ఇంత పట్టుదల ఎందుకంటారా? లెక్క చూడండి. వంద చదరపు మీటర్ల డాబామీద పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే పది టన్నులు. నిండా సరుకుతో ఉన్న మన త్రీ టన్నర్లలోని లోడు మూడు బళ్లది నెత్తిమీద పెట్టుకుని నిద్రపోయినట్టు. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను దగ్గరలోనే తీరం దాటి, 24 గంటల్లో ఈ ఊళ్లో 45 సెంటీమీటర్లకు పైగా కురిసింది. మర్నాడు సైన్యం వచ్చి జనాన్ని వీధుల్లోంచి బయటికి తీసింది. ముందురోజు నేను తూములో చేయిపెట్టి తీసినవి రెండు గుప్పెళ్ల వేపాకులు, ఒక ప్లాస్టిక్ సంచీ. అంతే. ఆ రాత్రి మెట్లగది దగ్గర ఒక్కచోట కారింది. బుక్కులో రాశాను. ఫిబ్రవరిలో బాగుచేయించాను.

చివరిగా ఒక విన్నపం. డెబ్బై దాటినవాళ్లు మిద్దె ఎక్కొద్దు. ఎవరూ ఒంటరిగా ఎక్కొద్దు. మరి భర్తను పోగొట్టుకున్న మన అక్కచెల్లెళ్ల ఇళ్ల మీద తూము ఎవరు చూస్తారు? మా అత్తగారిలా వాళ్లూ రెండుసార్లు చెప్పి, మూడోసారి ఊరుకుంటారు. అందుకని ప్రతి సెప్టెంబరులో ఒక ఆదివారం మనలో ఓపికున్న నలుగురం ఒక చీపురు, ఒక తాపీ, ఒక నోటుబుక్కు పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్దాం. కాఫీ వాళ్లిస్తారు. ఈ తీర్మానానికి మీరు చేతులెత్తితే, ఇన్నేళ్లూ మీరు నామీద రాసిన కంప్లైంట్లన్నీ తీరినట్టే అనుకుంటాను.

సెలవు. జై హింద్.