భద్రాచలం సీమ – మారిన హద్దులు

(శతాబ్ది కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన ప్రాంత చరిత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను, బడిపంతులుగా చేసి విరమించినవాణ్ణి. అయితే మా గుడిలోని బాప్తిస్మపు పుస్తకాలు సరిచూసే పని కొన్నాళ్లు నాకు అప్పగించారు. పేర్లు చూడబోయి జిల్లా గడి దగ్గర ఆగిపోయాను. తాత పేరుకు ఎదురుగా గోదావరి జిల్లా, కొడుకు పేరుకు ఎదురుగా తూర్పు గోదావరి, మనుమడికి ఖమ్మం. ఊరు ఒక్కటే. ఇల్లు కూడా ఒక్కటే.

1860కి ముందు గోదావరి ఎడమ గట్టున ఉన్న ఈ సీమ నైజాము ఏలుబడిలోనిది. ఆ సంవత్సరం డిసెంబరు ఒడంబడికలో ఇది ఇంగ్లీషువారి పాలయింది. బదులుగా నైజాముకు రాయచూరు, నల్దుర్గ్ తిరిగి దక్కాయి. ఇంగ్లీషువారికి ఈ అడవి ఎందుకంటారా? నీటి దారి కొరకు. నాగపూరు వైపు ప్రత్తిని పడవల మీద సముద్రానికి దింపాలని సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన. దారిలో రాతి అడ్డంకులు మూడు, వాటిలో మొదటిది మన దుమ్మగూడెం దగ్గరిదే. ఆ పని మీద వచ్చిన ఇంజనీరు హేగ్ దొర పూనికతోనే అక్కడ మిషను మొదలైన సంగతి పెద్దలకు తెలుసు. 1871లో ప్రభుత్వం పడవదారి పని మానుకొన్నది. ఆనకట్ట మిగిలింది, మిషనూ మిగిలింది.

ఈ సీమను సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా అన్నారు, మధ్యపరగణాలలో ఉంచారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను విడదీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు ఇచ్చారు. దుమ్మగూడెం మిషనరీ జాన్ కెయిన్ దొరగారు 1876లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో ఈ రెండు తాలూకాలను గూర్చి వ్రాయ మొదలుపెట్టేనాటికి అవి మద్రాసుకు వచ్చి రెండేళ్లే.

ఇక్కడ కొంచెం ఆగుతాను. హద్దు మారితే మనకేమి అనేవారు వినవలసిన సంగతి ఇది. కొండరెడ్లు, కోయలు పోడు కొట్టుకొని బ్రతికేవారు. మధ్యపరగణాలలో పన్ను గొడ్డలికి నాలుగణాలు. అది కట్టినవాడు ఆ గొడ్డలితో చేతనయినంత నేల చదును చేసుకోవచ్చు. మద్రాసు కచ్చేరి వచ్చి దానిని ఇంచుమించు మూడింతలు చేసింది, కొన్ని చోట్ల పోడే కూడదన్నది. వాళ్లు ఊరు కదలలేదు, గొడ్డలి మార్చలేదు. 1879 మార్చిలో రంపలో పుట్టిన పితూరీ జూలై నాటికి రేకపల్లికి అంటుకొన్నది. రంపలో మన్సబుదారు ఆగడాలు, కల్లు పన్ను కారణాలు. రేకపల్లిలో మాత్రం ఈ పోడు పన్నే ముఖ్యమని గోదావరి జిల్లా గెజిటీరులోనే ఉన్నది.

1909లో నూగూరు, ఆల్బాక, చర్ల కూడా మధ్యపరగణాల నుండి ఇటు వచ్చాయి. 1925లో జిల్లా పేరు తూర్పు గోదావరి అయింది. కలెక్టరు కచ్చేరి కాకినాడలో. పాపికొండల నడుమ లాంచీలో రాజమండ్రి చేరి, అక్కడి నుండి పోవాలి. ఎదుటి గట్టు బూర్గంపాడు మాత్రం 1948 వరకు నైజాము రాజ్యమే. ఏరు దాటితే పరరాజ్యం! మా నాయనమ్మ పుట్టిల్లు ఆ గట్టునే. ఆమె మాత్రం ‘అవతలికి పోయివస్తా’ అనేదే గాని ‘నైజాముకు పోతా’ అని ఎన్నడూ అనలేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్ర ప్రదేశ్, 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాకు. దగ్గరే గాని ఏరు అడ్డం. 1965లో భద్రాచలం వంతెన వచ్చాకనే ఖమ్మం మనకు నిజంగా జిల్లా కేంద్రమయిందని నా అభిప్రాయం.

2014 విభజనలో పోలవరం నిమిత్తం ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని కొంత మేరకు, ఆంధ్ర ప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం ఊరు తెలంగాణలో ఆగింది. చుట్టూ ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం వంటి ఊళ్లు అటు. రేకపల్లి ఉన్న వరరామచంద్రపురం మండలం యాభై అయిదేళ్లకు మళ్లీ తూర్పు గోదావరిలో చేరింది, 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో పడింది. ఆ 2022 జూలైలోనే భద్రాచలం దగ్గర వరద 71 అడుగులు దాటింది. నీరు రెండు రాష్ట్రాల ఇళ్లలోకీ ఒకేసారి వచ్చింది. సహాయం కొరకు మాత్రం ప్రక్క ప్రక్క ఊళ్లవారు వేరు వేరు కచ్చేరుల వైపు చూడవలసి వచ్చింది.

ఈ మధ్య ఎటపాక వైపు నుండి ఒక తల్లి వచ్చింది. కొడుకు కాలేజీ సీటుకు స్థానికుడని చూపాలట, బాప్తిస్మపు నకలు కావాలన్నది. పుస్తకంలో ఖమ్మం జిల్లా అని ఉన్నది. అది పట్టుకొని పోతే మా రాష్ట్రం కాదన్నారట, ఇవతలికి వస్తే మీ ఊరు మాది కాదన్నారట.

‘ఏ జిల్లా అని వ్రాయమంటావమ్మా?’ అన్నాను.

‘ఏది చెల్లితే అది వ్రాయండి మాస్టారూ’ అన్నది.

పుస్తకంలో ఉన్నదాన్ని మార్చే అధికారం నాకు లేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాసి, క్రింద ఆ ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లాలో ఉన్నదో వరుసగా వ్రాసి, అయ్యగారి చేత సంతకం చేయించి ఇచ్చాను. ఆ కాగితం సంగతి ఇంకా తేలలేదు.