పాత కారు – సీటుబెల్టు



మన కోనసీమలో కొబ్బరికాయలు దింపువాడు చెట్టెక్కుటకు ముందు మోకును తడవి చూచును. పీచు లేచిన మోకును నమ్మడు. అమలాపురము, రాజోలు, కొత్తపేటల కాలువగట్ల రోడ్లపై తిరుగు పాత కార్ల సీటుబెల్టు విషయమునను మనమట్టి జాగ్రత్తయే వహింపవలెను.

1959లో నిల్స్ బోలిన్ అను స్వీడను ఇంజనీరు వోల్వో కార్లకై రూపొందించిన మూడు కొసల బెల్టే నేడు లోకమంతట వాడుకలో నున్నది.

బెల్టును పూర్తిగా బయటకు లాగి పరీక్షింపుడు. నెమ్మదిగా లాగిన సాగి, చటుక్కున లాగిన బిగిసి, వదలిన వెనుకకు చుట్టుకొనవలెను. మురికిచే మొరాయించుచున్నచో గోరువెచ్చని సబ్బునీట కడిగి, నీడను పూర్తిగా ఆరనిండు. బెల్టు చుట్టుకొను పెట్టెలో నూనె పోయరాదు. పీచు లేచినను, కోత పడినను, ఉప్పుగాలికి లోని స్ప్రింగు తుప్పు పట్టినను, కారు ఒకసారి గట్టిగా ఢీకొనియున్నను బెల్టును మొత్తముగా మార్పింపవలెను. దారముతో కుట్టించిన బెల్టు పనికిరాదు. కారు ఢీకొన్న క్షణమున దేహపు బరువునకు అనేక రెట్ల బలము దానిపై పడును.

ఆ నమూనా కారునకు తగిన క్రొత్త బెల్టునే కొనుడు. కొన్ని కార్లలో బెల్టును క్షణములో బిగించుటకై చిన్న మందుగుండు అమరిక యుండును. కావున ఆ పనిని శిక్షణ పొందిన మెకానిక్కునకే అప్పగింపుడు.

మోకు మార్చుటకు వెనుదీయని మనము బెల్టు మార్చుటకు వెనుదీయనేల?