సెల్‌ఫోనులో స్విచ్చు రొద
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నువ్వు చేసే పనేమిటో పది నిమిషాల్లో, మన తెలుగు మాస్టారికి కూడా అర్థమయ్యేలా చెప్పాలి" అని కార్యదర్శిగారు షరతు పెట్టారు. నా పని సెల్‌ఫోనులోని ట్రాన్స్‌మిటరుకు కరెంటు అందించే చిన్న సర్క్యూటు చేసే రొద తగ్గించడం. ఇది చెవికి వినపడే రొద కాదు. రేడియో తరంగాల్లో వచ్చే రొద. అది పెరిగితే నష్టపోయేది ఎవరో ముందే చెబుతాను. టవరుకు దూరంగా, పొలంలోనో తండాలోనో ఉన్నవాడు నష్టపోతాడు. టవరు కింద ఉన్నవాడికి తేడాయే తెలియదు. అందుకే ఈ జబ్బు చాలాకాలం ఎవరి కంటా పడకుండా ఉండగలదు.

ఫోను ఒకే సమయంలో మాట్లాడుతుంది, వింటుంది. ఇరవై ఏళ్ళ కిందట మన ఊళ్ళలోకి వచ్చిన సిడిఎంఎ ఫోన్లు గుర్తున్నాయా? ఆ బ్యాండులో ఫోను మాట్లాడేది 824 నుంచి 849 మెగాహెర్ట్జ్ మధ్య, వినేది 869 నుంచి 894 మధ్య. ఏ ఛానెల్ తీసుకున్నా రెంటి మధ్య ఎడం 45 మెగాహెర్ట్జ్. టవరు దూరమయ్యే కొద్దీ ఫోను గొంతు పెంచుతుంది. పూర్తిగా పెంచితే సుమారు 200 మిల్లీవాట్లు. అదే క్షణంలో టవరు నుంచి దానికి చేరే సంకేతం ఒక వాటులో పది లక్షల కోట్లవ వంతు ఉండవచ్చు. అంటే తన గొంతు, తాను వినాల్సిన గొంతు కన్నా రెండు లక్షల కోట్ల రెట్లు ఎక్కువ. తిరునాళ్ళలో మైకు పట్టుకుని అరుస్తూ, పొరుగూళ్ళో ఎవరో గుసగుసలాడితే వినమన్నట్టు. గొంతును చెవి నుంచి వేరుచేసే జల్లెడ ఒకటి ఫోనులో ఉంటుంది, డూప్లెక్సర్ అంటారు. కానీ ట్రాన్స్‌మిటరు నుంచి వచ్చే మురికి సరిగ్గా వినే ఛానెల్ మీదే పడితే, దాన్ని కొన్ని పదుల వేల రెట్లు తగ్గించగలదు, అంతే. మిగతాది పుట్టినచోటే తగ్గించాలి.

ఆ మురికి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫోను నెమ్మదిగా మాట్లాడేటప్పుడు ట్రాన్స్‌మిటరులోని పవర్ ఆంప్లిఫయరుకు తక్కువ వోల్టేజి చాలు. బ్యాటరీ 3.6 వోల్టులిస్తోంది, కావలసింది 1.8 అనుకోండి. మధ్యలో నిరోధం పెట్టి తగ్గిస్తే సగం శక్తి వేడిగా పోతుంది. అందుకని బక్ కన్వర్టర్ అనే స్విచ్చు పెడతాం. అది సెకనుకు 30 లక్షల సార్లు, అంటే 3 మెగాహెర్ట్జ్ వేగంతో, బ్యాటరీని కలుపుతూ విడదీస్తూ ఉంటుంది. వెనక ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్.

కుమ్మరి సారె చూశారు కదా. కర్రతో నాలుగు తిప్పులు తిప్పి వదిలేస్తాడు, సారె తన బరువుతో తిరుగుతుంది. వేగం తగ్గగానే మళ్ళీ కర్ర. తీగచుట్ట ఆ సారె, స్విచ్చు ఆ కర్ర. ఈ ఏర్పాటులో రొద రెండు రకాలు. ఒకటి, తోపుకూ తోపుకూ మధ్య వేగం తగ్గి పెరగడం. రెండోది, కర్ర తగిలినప్పటి టక్కుమనే దెబ్బ.

మొదటిది లెక్కకు లొంగుతుంది. చుట్ట 1 మైక్రోహెన్రీ, కెపాసిటర్ 4.7 మైక్రోఫారడ్ అయితే, చుట్టలో కరెంటు 0.3 ఆంపియరు మేర ఊగుతుంది, బయటికి వచ్చే వోల్టేజి మూడు మిల్లీవోల్టుల లోపే ఊగుతుంది. ఈ ఊపు ఆంప్లిఫయరులో మన సంకేతంతో కలిసి, దానికి అటూ ఇటూ 3 మెగాహెర్ట్జ్ దూరంలో నకళ్ళు పుట్టిస్తుంది. తరువాత 6, 9, 12... మూడో ఎక్కమే. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, మూడు పదిహేన్లు ఎంతో వారే చెబుతారు. నలభై అయిదు! సరిగ్గా ఫోను చెవి ఉన్న చోటు.

అయితే ఆ పదిహేనో గుణిజం దాకా బలంగా చేరేది ఈ నునుపైన ఊపు కాదు, కర్ర దెబ్బ. స్విచ్చు పడే రెండు నానోసెకన్లలో అర ఆంపియరు కరెంటు దారి మారుతుంది. సర్క్యూటు బోర్డు మీద ఒక మిల్లీమీటరు రాగి దారికి దాదాపు ఒక నానోహెన్రీ ప్రేరకత్వం ఉంటుంది. మనం ఇక్కడే నేర్చుకున్న సూత్రం ప్రకారం, ప్రేరకత్వాన్ని కరెంటు మారే రేటుతో గుణిస్తే పావు వోల్టు వస్తుంది. మిల్లీమీటరుకు పావు వోల్టు! నాలుగు మిల్లీమీటర్లయితే ఒక వోల్టు.

ఒక ఫోను విషయంలో (పేర్లు వద్దు) కెమెరా పక్కన స్క్రూకు చోటు చాలక, స్విచ్చు వెనకాల బ్యాటరీ వైపు ఉండే కెపాసిటరును మరో విభాగం వాళ్ళు కాస్త పక్కకు జరిపారు. కాగితం మీద సర్క్యూటు మారలేదు. విడిభాగమూ అదే. బలమైన సిగ్నలుతో చేసిన పరీక్షలన్నీ నెగ్గింది. గొంతు పూర్తిగా పెంచి, సిగ్నలును దాదాపు చచ్చేదాకా తగ్గించి చూస్తే గాని బయటపడలేదు. కెపాసిటరు తన చోటికి వచ్చింది, స్క్రూ వేరేచోటు వెతుక్కుంది. ఖరీదైన విడిభాగాల కన్నా ఉన్నవాటిని ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. దీని మీద మా ఆఫీసులో రోజూ గొడవే.

ఇంకో ఉపాయం ఎక్కం మార్చడం. స్విచ్చును 2.9 మెగాహెర్ట్జ్‌కు తెస్తే పదిహేనో గుణిజం 43.5, పదహారోది 46.4. సిడిఎంఎ ఛానెల్ వెడల్పు 1.23 మెగాహెర్ట్జే కనక, రెండూ చెవికి అటొకటి ఇటొకటి తప్పుకుంటాయి. కానీ ఆ 2.9 ఒక్క శాతం జరిగినా మళ్ళీ తగులుతుంది. ఎండకూ చలికీ జరిగే మామూలు గడియారం పనికిరాదు, స్విచ్చును ఫోనులోని క్వార్ట్‌జ్ గడియారానికి కట్టేయాలి. ఇవాళ్టి 4జీ, 5జీ ఛానెళ్ళు 10, 20 మెగాహెర్ట్జ్, ఇంకా ఎక్కువ వెడల్పు. అక్కడ ఏ ఎక్కం పెట్టినా ఏదో ఒక గుణిజం లోపల పడుతుంది.

స్విచ్చును మెల్లగా వేస్తే దెబ్బ తగ్గుతుంది గాని వేడి పెరుగుతుంది. వేగాన్ని కావాలనే అటూ ఇటూ ఊపితే రొద ఒకచోట పోగుపడదు, మొత్తం మాత్రం తగ్గదు. వీథిలో చెత్తను ఊరంతా పరిచినట్టు. ఆ పద్ధతి నాకు నచ్చదు. రెండు స్విచ్చులను ఎదురుబొదురుగా, ఒకటి పైకి వెళ్తే ఒకటి కిందికి వచ్చేలా నడిపితే ఊపులు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. చోటుంటే అది మంచి పని.

2013 నుంచి ఫోన్లలోకి వచ్చిన పద్ధతి జోడెద్దుల బండి లాంటిది. 4జీ సంకేతం బలం క్షణక్షణానికీ మారుతుంది, ఆంప్లిఫయరు వోల్టేజి కూడా దాని వెంటే పరుగెత్తితే బ్యాటరీ ఆదా. స్విచ్చు ఒక్కటీ అంత వేగంగా పరుగెత్తలేదు. అందుకని బరువంతా స్విచ్చు లాగుతుంది, పక్కన ఒక చురుకైన లీనియర్ ఆంప్లిఫయరు వేగపు మార్పులు చూసుకుంటూ, స్విచ్చు చేసిన ఊపును కూడా తనే మింగుతుంది. ఈ రెండో ఎద్దు తిండిపోతు. దానికి ఎంత తక్కువ పని చెబితే అంత మంచిది. నా రోజులు ఇప్పుడు ఈ బేరంలోనే గడుస్తున్నాయి.

మాటలతో చెప్పిన రొదను మీరు వినవచ్చు కూడా. భోజనాలయ్యాక ఫిజిక్సు ల్యాబులో ఒక పాత మీడియం వేవ్ రేడియో, ఒక ఫోను చార్జరు పెట్టి ఉంచాను. చార్జరు లోపల ఉన్నదీ స్విచ్చే. రేడియోను స్టేషను లేని చోట పెట్టి దగ్గరికి తీసుకెళ్ళండి, గరగర మొదలవుతుంది. తరువాత దూరం మార్చకుండా రేడియోను నెమ్మదిగా చుట్టూ తిప్పండి. ఒక దిక్కున గరగర బాగా తగ్గుతుంది. ఎందుకో పదో తరగతి పిల్లలు చెప్పాలి, మా సైన్సు మాస్టారు అందించకూడదు.