వేల్స్ మాట, ఎవరెస్టు లోయ

బ్రిటన్‌లోని వేల్స్ భాషలో లోయను ‘కూమ్’ అంటారు. హిమానీనదాలు కొండ ఒడిలో తొలిచిన, మూడు వైపులా రాతిగోడలున్న పల్లాలకు భూగోళ శాస్త్రంలోనూ ఇదే పేరు. ఇంగ్లండులో ఇల్ఫ్రాకూమ్ లాంటి ఊళ్ల పేర్ల చివర వినిపించే ‘కూమ్’ దీనికి చుట్టమే. ఆంగ్లేయులు రాకముందు అక్కడ మాట్లాడిన బ్రిటన్ల భాష నుంచి అది వచ్చిందని పండితుల అభిప్రాయం.

ఈ మాట హిమాలయాలకూ ఎక్కింది. 1921లో ఎవరెస్టుకు దారి వెతుకుతున్న జార్జ్ మాలరీ, టిబెట్ సరిహద్దు కనుమ మీదినుంచి తొంగిచూశాడు. ఎవరెస్టు, లోట్సే, నుప్ట్సే శిఖరాల నడుమ కనిపించిన మంచులోయకు ‘వెస్టర్న్ కూమ్’ అని పేరు పెట్టాడు. వేల్స్ కొండలెక్కి చెయ్యి తిరిగినవాడు, మరో పేరు ఎందుకు తడుతుంది! 1953లో టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు శిఖరానికి వెళ్లింది ఆ లోయ గుండానే. చుట్టూ మంచే అయినా, గాలి లేని మధ్యాహ్నం అక్కడ ఎండ మాడ్చేస్తుంది.