మెయిన్‌ఫ్రేమ్ మీద జెడ్/వీఎమ్మా, కేవీఎమ్మా? (ఎపిసోడ్ పాఠం)

(వింటున్నప్పుడు పేర్లూ అంకెలూ జారిపోతున్నాయని కొందరు మెసేజ్ పెట్టారు. అందుకే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాను. మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడా సర్దాను.)

డ్రైవింగ్‌లో వింటున్నవాళ్ళు నిదానంగా వెళ్ళండి, ఇవాళ విషయం కొంచెం పొడుగు.

కిందటి నెల డల్లాస్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, నేను పదేళ్ళుగా కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్ మీదే ఉన్నాను. ఇప్పుడు మా మేనేజరు మెయిన్‌ఫ్రేమ్ మీద లినక్స్ పెడదాం అంటున్నాడు. వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ఏది మంచిదో రెండు వారాల్లో చూసి చెప్పమన్నాడు. వీఎంవేర్ పెట్టొచ్చా?" అని.

ముందు ఆ చివరి ప్రశ్నకి జవాబు. పెట్టలేం తమ్ముడూ. వీఎంవేర్ వీస్ఫియర్ ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్ల కోసం చేసింది. మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్ భాషే వేరు. కానీ అడిగినందుకు సిగ్గుపడకు. నేనూ మొదట్లో అదే అడిగాను, ఒక పెద్దాయన నవ్వాడు. ఎందుకు నవ్వాడంటే, ఈ వర్చువల్ మెషిన్ అనే ఆలోచన ఎదిగిందే మెయిన్‌ఫ్రేమ్ మీద. 1960లలో మాసచూసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో, ఐబీఎం సైంటిఫిక్ సెంటర్లో సీపీ-40 అనీ, తర్వాత సీపీ-67 అనీ చేశారు. 1972 ఆగస్టులో వీఎం/370 అని ప్రకటించారు. వీఎంవేర్ కంపెనీ పుట్టింది 1998లో. అంటే మనవడి పేరు చెప్పి తాతని పిలిచినట్టయింది మన ప్రశ్న.

సరే, అసలు సంగతికి వద్దాం. మెయిన్‌ఫ్రేమ్‌ని పంచే పద్ధతులు ఏమేం ఉన్నాయి? అమీర్‌పేట చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా చెప్పొచ్చు. ఒక పెద్ద బిల్డింగ్ అనుకోండి. ఓనరు గోడలు కట్టించి వాటాలుగా వేసి అద్దెకిస్తాడు. ఒక వాటాలో వాళ్ళకి పక్క వాటాలో ఏం వండుతున్నారో తెలియదు. మెయిన్‌ఫ్రేమ్‌లో ఆ వాటా పేరు ఎల్‌పార్. గోడలు కట్టేది పీఆర్/ఎస్ఎం. అది 1988లో 3090 మెషిన్లతో వచ్చింది. ఇప్పుడు మెషిన్‌లోనే కలిసి వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. జెడ్16 లాంటి పెద్ద మెషిన్లో 85 వాటాల దాకా వేసుకోవచ్చు.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: నీకు అసలు ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలా? నాలుగైదు లినక్స్ సర్వర్లే ఉంటే ఒక్కో ఎల్‌పార్‌లో ఒక్కో లినక్స్ నేరుగా పెట్టేయొచ్చు. చాలామంది ఈ మాట అడగకుండానే కొటేషన్లు తెప్పిస్తారు.

నలభై, యాభై, రెండొందల సర్వర్లు పెట్టాలంటే మాత్రం వాటాలు చాలవు. అప్పుడు ఒక వాటా తీసుకుని హాస్టల్ పెట్టాలి. ఆ హాస్టల్ నడిపే వార్డెనే హైపర్‌వైజర్. మన ముందున్న వార్డెన్లు ముఖ్యంగా ఇద్దరు.

ఒకటి, జెడ్/వీఎం. నేను చెప్పిన వీఎం/370 వంశమే. దీని మీద లినక్స్ నడుస్తుంది, జెడ్/ఓఎస్ నడుస్తుంది, జెడ్/టీపీఎఫ్ నడుస్తుంది, జెడ్/వీఎం లోపల ఇంకో జెడ్/వీఎం కూడా నడుస్తుంది. 2000లో డేవిడ్ బోయెస్ అనే ఇంజనీరు ఒకే ఎల్‌పార్‌లో 41,400 లినక్స్ కాపీలు లేపి చూపించాడు. అది పరీక్ష కోసం చేసిందే, రోజువారీ పనికి కాదు. కానీ ఈ వార్డెన్ సత్తా ఏంటో దాంతో తెలిసింది.

రెండు, కేవీఎం. మామూలు లినక్స్ సర్వర్ల మీద వాడే కేవీఎమ్మే. లిబ్‌వర్ట్, వర్ష్, యాన్సిబుల్ అన్నీ మనకి తెలిసినవే. 2015లో ఐబీఎం దీన్ని సొంత ప్రోడక్టుగా తెచ్చి, తర్వాత ఆపేసింది. ఇప్పుడు రెడ్‌హ్యాట్, సూసె, ఉబుంటు డిస్ట్రిబ్యూషన్లతోపాటే వస్తుంది. మన షాపుల్లో దీని మీద పెట్టేది లినక్స్ గెస్టుల్నే. జెడ్/ఓఎస్ టెస్ట్ సిస్టమ్స్ కూడా గెస్టులుగా కావాలంటే జెడ్/వీఎం వైపే చూడాలి.

మూడో దారి ఒకటుంది, క్లుప్తంగా చెప్తాను. 2019లో జెడ్/ఓఎస్ 2.4తో జెడ్‌సీఎక్స్ వచ్చింది. జెడ్/ఓఎస్ లోపలే లినక్స్ కంటైనర్లు నడుపుకోవచ్చు. డీబీ2 పక్కనే ఉండాల్సిన చిన్న అప్లికేషన్లు ఒకటో రెండో ఉంటే ఇది చూడండి. వందల సర్వర్లకి కాదు.

ఇప్పుడు డబ్బు లెక్క. మేనేజర్లు లినక్స్‌ని మెయిన్‌ఫ్రేమ్ మీదకి ఎందుకు తెస్తామంటారు? చాలా చోట్ల కారణం డేటాబేస్ లైసెన్సులు. ఒరాకిల్ లైసెన్సు ప్రాసెసర్ కోర్ల మీద లెక్కేస్తారు. వాళ్ళ పట్టికలో ఇంటెల్ కోర్‌కి 0.5, మెయిన్‌ఫ్రేమ్ కోర్‌కి 1.0. ఉదాహరణకి 40 ఇంటెల్ కోర్లంటే 20 లైసెన్సులు. అదే పని 6 మెయిన్‌ఫ్రేమ్ కోర్లలో పడితే 6 లైసెన్సులు. పడుతుందా లేదా అన్నది మీ లోడ్ కొలిస్తేనే తెలుస్తుంది, ఎవరో చెప్తే నమ్మొద్దు. దీనికి వాడే ప్రాసెసర్ని ఐఎఫ్ఎల్ అంటారు, లినక్స్ పనికి కేటాయించినది. అది పెంచినా జెడ్/ఓఎస్ సాఫ్ట్‌వేర్ బిల్లు పెరగదు. జెడ్/వీఎంకి ఇంజన్‌కి ఇంత అని ఒకసారి కట్టాలి, పైన ఏటా సపోర్టు. కేవీఎం అయితే లినక్స్ సబ్‌స్క్రిప్షన్‌లో కలిసిపోతుంది. కాగితం మీద చూస్తే కేవీఎం చవక.

కానీ మెమరీ దగ్గర కథ మారుతుంది. అమీర్‌పేట హాస్టల్లో నైట్ షిఫ్ట్ వాడూ డే షిఫ్ట్ వాడూ ఒకే మంచం పంచుకోవడం గుర్తుందా? ఓవర్‌కమిట్ అంటే అదే. ఉన్న మెమరీ కంటే ఎక్కువ గెస్టులకి హామీ ఇవ్వడం. ఇద్దరూ ఒకేసారి వచ్చారనుకోండి, ఒకడి చాప వరండాలో వేయాలి. అది పేజింగ్. ఈ సర్దుబాటు జెడ్/వీఎం దశాబ్దాలుగా చేస్తోంది. కేవీఎం కూడా చేస్తుంది గానీ, నా అనుభవంలో గట్టిగా ఓవర్‌కమిట్ చేసినప్పుడు జెడ్/వీఎం నిలబడినంత నిబ్బరంగా అది నిలబడలేదు. మెమరీ సరిపడా కొనే ఉద్దేశం ఉంటే ఈ తేడా పెద్దగా కనపడదు. కాబట్టి చవక అన్నప్పుడు మెమరీ ఖర్చు కూడా కలిపి చూడండి.

నడుస్తున్న గెస్టుని ఆపకుండా ఇంకో చోటికి మార్చడం రెండింటిలోనూ ఉంది. జెడ్/వీఎంలో అది 6.2 వెర్షన్‌తో 2011లో వచ్చింది, క్లస్టర్ కట్టుకుంటే లినక్స్ గెస్టుల్ని అలా మార్చొచ్చు.

ఇంతవరకు చెప్పినవన్నీ మీరు ఎక్సెల్ షీట్లో పెట్టగలిగేవే. లైసెన్సు, మెమరీ, ఏ గెస్టులు నడుస్తాయి. నేను కూడా 2016లో ఇలాంటి షీటే చేశాను. అందులో ఒక కాలమ్ వదిలేశాను. ఆ సంగతి చెప్దామనే ఈ ఎపిసోడ్.

అప్పుడు కనెక్టికట్‌లో హార్ట్‌ఫర్డ్ దగ్గర ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కాంట్రాక్టు మీద ఉన్నాను. పేరు అనవసరం. డేటాబేస్‌లు మెయిన్‌ఫ్రేమ్ మీదకి తేవాలి. షీట్ ప్రకారం జెడ్/వీఎం గెలిచింది, ఇప్పటికీ ఆ లెక్క తప్పని అనను. మెమరీ తక్కువ, టెస్ట్ కోసం జెడ్/ఓఎస్ గెస్టులు కూడా కావాలి. అక్కడ జెడ్/వీఎం తెలిసిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. వీఎంవేర్ అన్నందుకు నవ్వినాయనే. ఆయన దగ్గర కూర్చుని అంతా నేర్చుకున్నాను. డైరెక్టరీ ఎంట్రీలు, మినీడిస్కులు, వీస్విచ్, రెక్స్ స్క్రిప్టులు. ఏడాదిన్నరకి ఆయన రిటైరై ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. మిగిలింది నేనొక్కణ్ణే.

నిజం చెప్తాను. అప్పుడు నాకు లోపల సంతోషంగానే ఉండేది. మన పరిస్థితి మీకు తెలుసు కదా. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు. పిల్లల స్కూలు, ఇంటి లీజు అన్నీ ఆ 60 రోజుల్లో. "నాకొక్కడికే వచ్చిన పని ఉంది కాబట్టి నన్ను తీసేయరు" అనుకునేవాణ్ణి. రన్‌బుక్ రాయమని అడిగితే రేపు మాపు అని తోసేసేవాణ్ణి. కావాలనే.

2018లో గుంటూరులో నాన్నకి గుండె ఆపరేషన్ అన్నారు. సరిగ్గా అదే వారం మా డిజాస్టర్ రికవరీ టెస్టు. వేరే ఊళ్ళో ఉన్న మెషిన్ మీద జెడ్/వీఎం లేపి, గెస్టులన్నీ తిరిగి తెప్పించాలి. ఆ పని తెలిసింది నాకొక్కడికే. నన్ను వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. మేనేజరు వెళ్ళమనే అన్నాడు. వెళ్తే ఆ పని ఎవరు చేస్తారో చూద్దామని ఇద్దరం టీం లిస్టు తీసి చూశాం. నలుగురూ లినక్స్‌లో గట్టివాళ్ళే, కానీ 3270 స్క్రీన్ ముందు కూర్చుంటే ఏం టైప్ చెయ్యాలో తెలియదు. తెలియకపోవడానికి కారణం నేనే కదా. టెస్టు అయ్యాక బయల్దేరాను. ఆపరేషన్ అయిన పన్నెండో రోజుకి ఇంటికి చేరాను. నాన్న బాగానే కోలుకున్నారు, దేవుడి దయ. "పని వదిలి రాలేవులేరా" అన్నారు, అంతే. ఆ మాట ఇప్పటికీ తిన్నగా లోపలికి దిగుతుంది.

తిరిగొచ్చాక రన్‌బుక్ రాయడం మొదలుపెట్టాను. ఇద్దరికి నేర్పాను. ఒకమ్మాయి బెంగాలీ, ఒకబ్బాయి ఇక్కడివాడే. ఆరు నెలలు పట్టింది. తర్వాతి డీఆర్ టెస్టు వాళ్ళిద్దరే చేశారు, నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. నన్నెవరూ తీసేయలేదు కూడా.

2022లో ఒహాయోలో ఇంకో చోట ఇదే ప్రశ్న వచ్చింది. అక్కడ గెస్టులన్నీ లినక్సే, టీంలో ఆరుగురు లినక్స్ వాళ్ళు, జెడ్/వీఎం ముఖం చూసినవాడు ఒక్కడూ లేడు, నేను తప్ప. నేను కేవీఎం అని రాసిచ్చాను. మెమరీ కొంచెం ఎక్కువ కొనాలని కూడా రాశాను. నాకొచ్చిన విద్య పక్కన పెట్టి రాయడం కష్టమే అనిపించింది. కానీ అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగితే ఆరుగురిలో ఎవరైనా లేచి చూడగలరు.

కాబట్టి డల్లాస్ తమ్ముడూ, నీ షీట్లో ఇవి పెట్టు. గెస్టులు ఎన్ని? ఎల్‌పార్‌లతో సరిపోతుందా? అన్నీ లినక్సేనా, జెడ్/ఓఎస్ కూడా కావాలా? మెమరీ గట్టిగా పంచాలా, సరిపడా కొంటారా? ఇప్పుడున్న బ్యాకప్, మానిటరింగ్, డీఆర్ దేనికి అల్లుకుని ఉన్నాయి? ఇక చివరి కాలమ్: దీన్ని కింద నుంచి పైకి లేపగలిగినవాళ్ళు ఎంతమంది, పేర్లతో సహా? ఆ గడిలో ఒకే పేరు ఉంటే, అందులోనూ అది నీ పేరే అయితే, సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే నిర్ణయం ఇంకా పూర్తవ్వలేదన్నమాట. జెడ్/వీఎం అని రాయొద్దని కాదు. రాస్తే "ఇంకో ఇద్దరికి శిక్షణ" అన్న లైను కూడా అదే ఈమెయిల్లో, బడ్జెట్‌తో రాయి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

నేర్చుకోవడం ఎక్కడ అని కూడా అడిగాడు. లినక్స్‌వన్ కమ్యూనిటీ క్లౌడ్‌లో 120 రోజులు ఉచితంగా ఒక లినక్స్ మెషిన్ ఇస్తారు. జెడ్/ఓఎస్ వైపు ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ ఉచితం. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద హెర్క్యులిస్ ఎమ్యులేటర్ పెట్టుకుని పాత వీఎం/370 లేపి చూడండి, సీపీ కమాండ్లు చేతికి అలవాటవుతాయి. ఒక్క జాగ్రత్త. ఈనాటి జెడ్/ఓఎస్ కాపీ ఎవరో డ్రైవ్ లింక్‌లో పంపారని హెర్క్యులిస్ మీద నడపొద్దు. దానికి లైసెన్సు లేదు. వీసా మీద ఉన్నవాళ్ళం, అలాంటి తలనొప్పి మనకెందుకు?

ఇవాళ్టికి ఇంతేనండీ. మీ షాపుల్లో ఏది పెట్టారు, ఎందుకు పెట్టారు, వాయిస్ మెసేజ్ పెట్టండి. కంపెనీ పేర్లు వద్దు, సంగతి చాలు. ఆ చివరి గడిలో ఒక్క పేరే ఉన్నవాళ్ళు మాత్రం ఈ వారమే ఒక పేజీ రాయడం మొదలుపెట్టండి. అమ్మానాన్నలకి ఫోన్ చెయ్యండి. ఉంటాను, నమస్తే.