నవలా సంభాషణలలో స్కాచ్ ఉచ్చారణ

సర్ వాల్టర్ స్కాట్ నవలలు చదివిన శ్రోతలకు ఒక అనుభవం కలిగి ఉంటుంది. వర్ణన సాఫీగా సాగుతూ ఉంటుంది. పాత్ర నోరు విప్పగానే మాటలు గుర్తు పట్టరాకుండా పోతాయి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మాకు ఆ నవలలు బోధించిన అధ్యాపకులొకరు అటువంటి చోటు రాగానే, "ఇది నౌకర్ల భాష, దీనితో మీకు పని లేదు" అని పుటలు త్రిప్పివేసేవారు. అలా త్రిప్పివేసిన పుటలలో ఏమున్నదో తెలుసుకోవడానికి నాకు చాలా సంవత్సరాలు పట్టింది.

ఇంటిని ఇంగ్లీషువారు 'హౌస్' అంటారు. లోలాండ్స్ అనే పల్లపు సీమలోని స్కాట్లండువారు 'హూస్' అంటారు. చూడగానే ఇది 'హౌస్' చెడి ఏర్పడిన రూపమని తోస్తుంది. నిజం దీనికి విపరీతం. పూర్వం ఇంగ్లండులోను 'హూస్' అనే పలికేవారు. సుమారు 1400, 1700 సంవత్సరాల నడుమ దక్షిణాది ఇంగ్లీషులో దీర్ఘాచ్చులు స్థానం మారినప్పుడు ఆ 'ఊ'కారం 'ఔ'కారమైంది. ఉత్తరాన అది కదలలేదు. రాతికి 'స్టేన్', స్వగృహానికి 'హేమ్' అనడం మరొక కథ. ప్రాచీన భాషలోని 'ఆ'కారం దక్షిణాన 'ఓ'కారం వైపు, ఉత్తరాన 'ఏ'కారం వైపు నడచింది. 'స్టోన్', 'స్టేన్' తోబుట్టువులేగాని ఒకదాని నుండి మరొకటి పుట్టినవి కావు.

ఇక రాత్రిని వారు 'నిఖ్ట్' అంటారు, సరస్సును 'లొఖ్' అంటారు. నేనిక్కడ పలికినది మన 'ఖ' కాదు. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవారు 'ఖబర్' అన్నప్పుడు కంఠంలో రాపిడితో వచ్చే ధ్వని 'లొఖ్'లో వినిపిస్తుంది. 'నిఖ్ట్'లో అదే కొంచెం ముందుకు జరుగుతుంది. మన లిపిలో దానికి వేరే గుర్తు లేదు. ఇంగ్లీషువారు 'నైట్' అని వ్రాసేటప్పుడు నేటికీ నడుమ 'జీ, హెచ్' అనే రెండక్షరాలు పెడతారు. అవి ఈ ధ్వనికి పెట్టిన గుర్తులే. అక్షరాలు దక్షిణాన మిగిలాయి, ధ్వని ఉత్తరాన మిగిలింది.

అయితే చదువరికి ఇదంతా వికృతంగా ఎందుకు కనిపిస్తుంది? లోపచిహ్నం వల్ల. 'ఆల్' అనే మాటను స్కాట్లండువారు 'ఆ' అంటారు, 'ఫుల్'ను 'ఫూ' అంటారు, 'విత్'ను 'వి' అంటారు. పద్దెనిమిదవ శతాబ్దంలో రచయితలు, ముద్రాపకులు ఇటువంటి ప్రతి మాట చివర ఒక చిహ్నం తగిలించారు. ఇక్కడేదో రాలిపోయింది, మన్నించండి అని పాఠకునితో చెప్పినట్లుంటుందది. 'టాక్', 'వాక్' అనే మాటలలో ఇంగ్లీషువారు 'ఎల్' వ్రాస్తారు, పలుకరు. దానిని చూచి ఎవరూ నవ్వరు. 1947లో ఎడింబరోలో స్కాచ్ కవులు కొందరు సమావేశమై వర్ణక్రమానికి నియమాలు ఏర్పరచుకొన్నప్పుడు ఈ క్షమాపణ చిహ్నాన్ని తొలగించారు. నా దృష్టిలో అది ఎన్నడో జరుగవలసిన పని.

హైలాండ్స్ అనే కొండసీమవారి మాట వేరు. వారి స్వభాష గేలిక్, ఇంగ్లీషు నేర్చుకొన్నది. 'రాబ్ రాయ్' నవలలో డూగల్ వంటివాడు మాట్లాడితే 'ద' 'త' అవుతుంది, 'బ' 'ప' అవుతుంది. దీనిని లోలాండ్స్ భాషతో కలపరాదు.

ఇంత తెలిసిన స్కాట్ కూడ ఒకచోట తటపటాయించాడు. 1818లో వెలువడిన 'ది హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్' నవలలో జీనీ డీన్స్ అనే పల్లెపడుచు ఉన్నది. శిశుహత్యా నేరం మోపబడిన చెల్లెలిని ఒక్క అబద్ధంతో విడిపించగలిగి కూడ ఆమె న్యాయస్థానంలో అబద్ధమాడదు. చెల్లెలికి మరణశిక్ష పడుతుంది. క్షమాభిక్ష కొరకు జీనీ లండనుకు కాలినడకన బయలుదేరుతుంది. ఇంగ్లండులో అడుగు పెట్టగానే దారినపోయేవారు ఆమె యాసను వెక్కిరిస్తారు. వెక్కిరించేవారి మాట ఆమె మాటకన్న మోటుగా ఉన్నదని స్కాట్ చెప్పకనే చెప్పక, విప్పి చెప్పాడు. ఆమె మాత్రం వీలైనంత తక్కువ మాట్లాడడం నేర్చుకొంటుంది.

చివరకు ఆర్గైల్ డ్యూకు సహాయంతో ఆమె కెరోలిన్ రాణి ఎదుట నిలుస్తుంది. మొదటి జవాబులు పుట్టింటి భాషలోనే వస్తాయి. కాని చెల్లెలి ప్రాణం కొరకు వేడుకొనే ఘట్టం రాగానే ఆ స్కాచ్ ధ్వనులు పలచబడతాయి; వాక్యాలు దాదాపు గ్రంథస్థమైన ఇంగ్లీషులోనికి మారతాయి. భావోద్రేకంలో మనిషి మాట ఉదాత్తమవుతుందని కొందరు సమర్థిస్తారు. నాకట్లా తోచదు. దుఃఖంలో మనిషి తల్లిభాష వైపే పోతాడు. అక్కడ తన పాఠకుడు నవ్వుతాడేమోనని స్కాట్ జంకినాడని నా అనుమానం.

ఆ జంకు స్టీవెన్సన్‌కు లేదు. ఆయన చివరి నవల 'వియర్ ఆఫ్ హెర్మిస్టన్'లో మోటు స్కాచ్ మాట్లాడేవాడు నౌకరు కాడు, ఉరిశిక్షలు విధించే న్యాయమూర్తి. ఇంపైన ఇంగ్లీషు మాట్లాడేవాడు అతని కొడుకు. బ్రాక్స్‌ఫీల్డ్ అనే నిజమైన న్యాయమూర్తిని చూచి ఆ పాత్రను మలచాడు. ఆ తండ్రి నోట 'హేమ్' అన్నా, 'నిఖ్ట్' అన్నా నవ్వే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఆ నవలను ఆయన పసిఫిక్ సముద్రంలోని సమోవా ద్వీపంలో తన భార్య కుమార్తెకు చెప్పి వ్రాయించాడు. కనుక ఆ సంభాషణలు కాగితం మీదికి రాకమునుపే గదిలో వినబడినవి. 1894 డిసెంబరు 3వ తేదీ ఉదయం కూడ ఆయన చెప్పుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రమే మరణించాడు. గ్రంథం అంతటితో ఆగిపోయింది.